ఈ చేతికి వద్దు

అవ్వ పోయిందని మౌనిక ఫోన్ చేసినప్పుడు నేను చార్మినార్ దగ్గర ఆటోలో ఇరుక్కుని ఉన్నాను. ముందు ఒక తోపుడుబండి, వెనక నలభై హారన్లు. పక్కన గాజుల దుకాణంలో ఒకావిడ బేరానికి వచ్చిన అమ్మాయి చేయి పట్టుకుని కణుపులు నొక్కి చూస్తోంది. "ఎప్పుడు?" అని అడిగాను. "తెల్లారంగ అక్కా. నిద్రలనే పోయింది" అంది మౌనిక. ఫోన్ పెట్టేశాక చూసుకుంటే నా రెండు చేతులూ చున్నీ కింద ఉన్నాయి. ఎప్పుడు దాచుకున్నానో నాకే తెలియదు.

చేతులు దాచుకునే అలవాటు నిజానికి మా సెంటర్‌లో ఆయా యాదమ్మది. దానికి ఆమెను నేను ఎంత వెక్కిరించానో చెప్పలేను.

కార్వాన్‌లో మూతపడ్డ బట్టల దుకాణం మీద రెండు గదులున్నాయి. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళను పొద్దున ఇళ్ళవాళ్ళు అక్కడ దింపి, మూడింటికి తీసుకుపోతారు. వాళ్ళతో బొమ్మలు వేయించడం, మట్టి పిసికించడం, పాటలు పాడించడం, పాత వస్తువులు చేతిలో పెట్టి పాత కబుర్లు రప్పించడం నా పని. అంతకుముందు బడిలో డ్రాయింగ్ టీచర్‌ని. పిల్లలు చెప్పిన మాట వినేవారు కాదు, వీళ్ళకు చెప్పిన మాట నిలవదు. కావలసిన ఓపిక రెండు చోట్లా ఒక్కటే.

ఈ పనిలో చేరినప్పుడు మాకు నేర్పిన మొదటి సంగతి, వాళ్ళకు ఎదురు చెప్పకూడదని. ఎప్పుడో పోయిన మొగుడు సాయంత్రం వస్తాడంటే వస్తాడనే అనాలి. గోడ మీద కోతి ఉందంటే ఉందనాలి. ఊ కొట్టి, మెల్లగా వేరే పనిలోకి మళ్ళించాలి. నేను రోజుకు వందసార్లు "అవునమ్మా" అనేదాన్ని. దానితో ఎన్ని ఏడుపులు ఆపానో నాకు తెలుసు కాబట్టి ఆ సూత్రాన్ని ఇప్పటికీ తప్పు పట్టను. దాన్ని వాడిన నన్ను తప్పు పడతాను.

అవ్వ మా దగ్గరికి వచ్చిన మొదటి రోజు కుర్చీలో కూచోలేదు. వరసగా అందరి దగ్గరికీ పోయి చేతులు పట్టుకుంది. నా చేయి కూడా అలాగే లాక్కుని, బొటనవేలిని లోపలికి మడిచి, కణుపులు నాలుగూ ఒక్కసారి నొక్కి, "రెండు నాలుగు" అంది. నాకు అర్థం కాలేదు. యాదమ్మ నవ్వింది. "గాజుల సైజు మేడం. ఈ అవ్వ గాజులామె గదా. మా పెండ్లిల నాకు తొడిగింది గీమెనే."

నలభై ఏళ్ళు గాజుల మలారం భుజాన వేసుకుని పాతబస్తీ గల్లీలన్నీ తిరిగింది. చుడీబజార్లో సరుకు కొనడం, ఇల్లిల్లూ తిరిగి తొడగడం. పెళ్ళిళ్ళకూ శ్రీమంతాలకూ కబురు ముందు ఆమెకే వచ్చేది. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆమె చేతులకు ఒక్క గాజు లేదు. అట్లాంటామెను శుభకార్యానికి పిలుస్తారా అని ఒకసారి నోరు జారి అడిగాను. "గాజులమ్మేదానికి ముత్తైదువేంది, ముండమోపేంది బిడ్డా. చెయ్యి మంచిదైతే సాలు" అంది. ఆ మాట నవ్వుతూనే అంది కానీ నాకే సిగ్గేసింది.

రంగులిస్తే సున్నాలు గీసేది. ఒక దానిలో ఒకటి, దాని పక్కన ఇంకొకటి, కాగితం నిండేదాకా. సెంటర్ చూడటానికి వచ్చిన పెద్దమనుషులు వాటిని చూసి మనశ్శాంతి అనీ, ధ్యానం అనీ ఏదేదో అన్నారు. నేనూ తల ఊపాను. వాళ్ళు పోయాక ఆమె కాగితం వంక చిరాగ్గా చూసి, "గింత దగ్గర దగ్గర పెడితే పలుగుతయ్" అంది.

ఆమె కోసం నేను నాలుగు డజన్ల మట్టిగాజులు కొని డబ్బాలో పెట్టాను. రోజూ వాటిని ముందేసుకుని కూచునేది. రెండేసి గాజులు చెవి దగ్గర పెట్టి తాకించేది. సన్న చీలిక ఉన్న గాజు బొంగురుగా పలుకుతుందట. నాకు అన్నీ ఒకేలా వినిపించేవి. ఆమె పక్కన పెట్టినదాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూస్తే, నిజంగానే వెంట్రుకంత గీత కనిపించేది. తిన్నదో లేదో గుర్తుండేది కాదు ఆమెకు. తన పేరు ఒక రోజు చెప్పేది, ఒక రోజు చెప్పేది కాదు. చీలిన గాజు మాత్రం ఒక్కటి కూడా ఆమె చెవి దాటిపోలేదు.

మనుషులు కూడా ఆమెకు చేతుల్తోనే తెలిసేవారు. మనవరాలు మౌనిక రోజూ వచ్చి దింపేది, తీసుకుపోయేది. తల్లి లేని పిల్ల, ఆమె చేతి మీదే పెరిగింది. ఆ పిల్ల ముఖం చూస్తే అవ్వకు ఎవరో తెలిసేది కాదు. "ఎవరమ్మా నువ్వు?" అని మర్యాదగా అడిగేది. మౌనిక చేయి చాపేది. అవ్వ కణుపులు నొక్కి, "అగో, మౌనిక. ఎండల వస్తివా బిడ్డా" అనేది. ఇది రోజూ జరిగేది. నేను రోజూ చూసేదాన్ని.

ఒక మధ్యాహ్నం నాకు గాజులు తొడగడం నేర్పింది. "చెయ్యి నాకిచ్చెయ్. నీది గాదనుకో" అని మొదలుపెట్టింది. ఆ మాట అందరికీ చెప్పేది. తురక బస్తీల్లో అదే మాట "హాత్ ఢీలా ఛోడో బేటీ" అయ్యేదట. తర్వాత నా చేతినే నాకు చూపిస్తూ, "ముందు గాజు ముట్టుకోకు. ముందు చెయ్యి నొక్కు. నొక్కి ఇడిసిపెట్టు. గుంట ఎంటనే లేవాలె. లెవ్వకుంటే తొడగకు" అంది.

"తొడిగితే ఏమైతది అవ్వా?"

"ఎక్కదు. ఎక్కినా దిగదు. నీరు పట్టిన చెయ్యి మంచిది గాదు."

మంచిది కాదు అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. నేను "అవునమ్మా" అన్నాను.

మా దగ్గర బస్సు కండక్టరుగా రిటైరయిన సార్ ఒకాయన ఉండేవాడు. అవ్వ ఆయన చేయి కూడా పట్టుకునేది. "నాకేం గాజులమ్మా, మొగోణ్ణి" అని ఆయన నవ్వేవాడు. "రెండు పది" అనేది. రోజూ ఇదే లొల్లి. ఒక రోజు పట్టుకుని నొక్కింది. సైజు చెప్పలేదు. చేయి ఆయన ఒళ్ళోనే మెల్లగా పెట్టేసి, తన అరచేయి కొంగుకు తుడుచుకుని వచ్చి కిటికీ దగ్గర కూచుంది. పదిహేను రోజులు తిరక్కుండా ఆయన పోయాడు. గుండె అన్నారు.

అప్పటి నుంచి యాదమ్మ అవ్వకు అన్నం పెట్టేటప్పుడు కూడా ఎడమ చేయి కొంగులో దాచుకునేది. "ఆమె చెయ్యి ఇడిసిపెడితే అంతే మేడం. నా పిల్లలు ఇంక చిన్నగున్నరు" అంది. నేను ఆమెకు అరగంట క్లాసు పీకాను. అది జబ్బు, శకునం కాదు, చదువుకున్నవాళ్ళం మనమే ఇలా మాట్లాడితే ఎలా అని. యాదమ్మ అంతా విని, "మీరు సదువుకున్నోళ్ళు మేడం, మీ చెయ్యి ఇయ్యున్రి" అంది. నేను ఇచ్చాను. అవ్వ రెండు నాలుగు అంది. నేను యాదమ్మ వైపు గెలిచినట్టు చూశాను. చూశాను కానీ, ఆమె నొక్కుతున్నంతసేపూ ఊపిరి బిగబట్టి ఉన్నానన్నది కూడా నిజమే.

మౌనికకు నెల తప్పింది. ఏడో నెలలో శ్రీమంతం అనుకున్నారు. మా సెంటర్‌లోనే చేద్దామని ఆలోచన చెప్పింది నేనే. అవ్వ చేత్తో గాజులు తొడిగిస్తే ఆమెకు ఎన్ని సంగతులు గుర్తొస్తాయో, ఎంత బాగుంటుందో అని మౌనిక అత్తగారికి రెండుసార్లు ఫోన్ చేసి ఒప్పించాను. నిజం చెప్పాలంటే ఫొటోలు కూడా నా కళ్ళ ముందు ఉన్నాయి. గోడకు పెట్టడానికి మంచి ఫొటో లేదని ఎప్పటి నుంచో బాధ.

గది ఊడ్చి ముగ్గు పెట్టాం. మౌనికను పీట మీద కూచోబెట్టాం. పసుపు రాసిన ముఖం నిండుగా ఉంది. అందరం అదే అన్నాం, ఎంత నిండుగా ఉందో అని. "జర తలకాయ నొస్తుందక్కా, ఎండకనుకుంట" అంది. మజ్జిగ ఇప్పించాను.

అవ్వ ఎదురుగా కూచుని, నేను అందించిన ఆకుపచ్చ గాజులను ముట్టుకోలేదు. ముందు చేయి అందుకుంది. "చెయ్యి నాకిచ్చెయ్. నీది గాదనుకో." కణుపులు నొక్కింది. ఆగింది. అరచేయి తిప్పి, వెనక వైపు బొటనవేలితో గట్టిగా నొక్కి వదిలి, ఆ చోటును చూస్తూ ఉండిపోయింది. ఇంకోసారి నొక్కింది.

"ఇదెవరి చెయ్యి?" అంది.

"నేనే అవ్వా, మౌనికను."

"కాదు. మౌనికది రెండు నాలుగు." ఆ చేతిని పిల్ల ఒళ్ళో పెట్టేసింది. "ఈ చేతికి వద్దు. నీరున్నది. ఒద్దు, లెవ్వున్రి."

యాదమ్మ పళ్ళెం కింద పెట్టేసి గుమ్మం బయటికి పోయింది. అత్తగారి ముఖం నల్లబడింది. "కడుపుతోటున్నోళ్ళకు కాళ్ళు చేతులు ఉబ్బయా? గింతమంది ముందల గదేం మాట?" అంది. మౌనిక మా అందరి ముఖాలూ చూస్తోంది. నేను అవ్వ భుజం చుట్టూ చేయి వేసి, రెండేళ్ళుగా చేస్తున్న పనే చేశాను.

"అవునమ్మా. వద్దులే. రా, మనం బొమ్మలు వేసుకుందాం."

ఆమె నా ముఖంలోకి చూసింది. అట్లా చూడటం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. "నువ్వు సూడు బిడ్డా. నువ్వు నొక్కు. నేర్పిన గదా" అంది.

అవునమ్మా అన్నాను మళ్ళీ. నొక్కలేదు. ఆమెను కిటికీ దగ్గర కూచోబెట్టి, కింద గల్లీలో ఉన్న దుకాణం నుంచి రెండు ఎనిమిది గాజులు తెప్పించాను. అవి హాయిగా ఎక్కాయి. అత్తగారే తొడిగింది. ఎవరో పాట అందుకున్నారు. ఫొటో తీశాం. ఆ ఫొటోలో అందరూ నవ్వుతున్నారు. వెనక కిటికీ దగ్గర అవ్వ గోడకు తిరిగి కూచుని ఉంది.

ఐదో రోజు పొద్దున మౌనికకు వంటింట్లో ఫిట్స్ వచ్చాయి. బీపీ ఎక్కడికో పోయిందట. బిడ్డ దక్కలేదు. తల్లి దక్కడమే ఎక్కువ అన్నారు. చేతులు అంతగా వాచిపోవడంతో నర్సు గాజులను ఒక్కొక్కటే పగలగొట్టి తీసింది. నేను తెప్పించిన రెండు ఎనిమిది గాజుల్ని. డాక్టరమ్మ అడిగిందట, చేతులూ ముఖమూ ఇంతగా నీరు పట్టి తలనొప్పి వస్తుంటే ఇంట్లో ఒక్కరూ చూసుకోలేదా అని. ఆ మాట మౌనిక భర్త నాకు చెప్పి, "ఎవరికి తెలుస్తదక్కా" అన్నాడు.

ఒక్కరు చూశారు. తన పేరు కూడా సరిగా చెప్పలేని మనిషి చూసి, పదిమంది ముందు చెప్పింది. యాదమ్మ దాన్ని శాపం అనుకుంది. అత్తగారు అపశకునం అనుకుంది. ఇద్దరూ కనీసం ఆ మాటకు భయపడ్డారు. నేను జబ్బు అనుకుని ఊ కొట్టాను. మా ముగ్గురిలో నన్ను మించిన మూర్ఖురాలు లేదని చెప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

"ఆ ముసలామె నోరు తగిలింది" అని అత్తగారు మౌనికను ఇటు రానివ్వలేదు. అవ్వ కొడుకు తరఫు వాళ్ళు ఎవరో ఆమెను తెచ్చి దింపేవారు. ఆమెకు శ్రీమంతం సంగతి మర్నాడే పోయింది. కానీ రోజూ పొద్దున కుర్చీలో కూచుని, వచ్చేపోయేవాళ్ళ చేతులు వరసగా నొక్కి, "ఇది గాదు" అనేది. "ఏది కావాలమ్మా?" అంటే చెప్పలేకపోయేది. చివరికి గుమ్మం వైపు చూస్తూ కూచునేది. మౌనిక ఆస్పత్రిలో ఉందని చెప్పలేను. బాగుందని చెప్పడానికి నోరు రాదు. ఆ నెలల్లో నేను అవునమ్మా అనడం చాలా తగ్గించాను.

ఏడాదిన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం మెట్ల మీద ఆయాసం వినిపించింది. చూస్తే మౌనిక. మళ్ళీ ఏడో నెల. గోడ పట్టుకుని నిలబడింది.

"మా అత్తకు తెల్వదక్కా. దవాఖానకు పది రోజుల కింద పోయిన, అంతా మంచిగున్నదన్నరు. కానీ నాకు నిద్ర పడుతలేదు. అవ్వ ఒక్కసారి చెయ్యి చూస్తే సాలు."

పోయి అవ్వ ముందు కూచుని చేయి చాపింది. నాకు ఆ పిల్లకు చెప్పే ధైర్యం చాలలేదు. అప్పటికి అవ్వ గాజులు తాకించి వినడం మానేసి మూడు నెలలు. చేతులు నొక్కడం కూడా పోయింది. చీలిన గాజూ మంచి గాజూ ఒక్క డబ్బాలోనే ఉంటున్నాయి. పాల గ్లాసు ఇచ్చినా, కిటికీ మూసినా ఒకటే మాట, "మంచిగున్నది బిడ్డా."

అవ్వ ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. నొక్కలేదు. ఊరికే నిమిరింది.

"గాజులు ఎక్కుతయా అవ్వా?" అని అడిగింది మౌనిక.

"ఎక్కుతయ్ బిడ్డా. మంచిగ ఎక్కుతయ్."

మౌనిక ఒక్కసారిగా ఏడ్చేసింది. "చూసినవా అక్కా, ఎక్కుతయంటుంది" అని నా వైపు తిరిగి నవ్వుతూ ఏడ్చింది. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. ఎదుటి మనిషి ఏమంటున్నాడో పట్టించుకోకుండా, ఏడుపు ఆగితే చాలని ఊ కొట్టేవాళ్ళు నవ్వే నవ్వు. నేను ఏళ్ళ తరబడి అదే నవ్వు నవ్వాను.

నేను వంగి అవ్వ చేతుల్లోంచి ఆ చేయి తీసుకున్నాను. "ఏందక్కా?" అంది మౌనిక. "నాకిచ్చెయ్. నీది కాదనుకో" అన్నాను. కణుపులు బిగుతుగా ఉన్నాయి. ఉంగరం కింద చర్మం రెండు వైపులా పొంగింది. వెనక వైపు బొటనవేలు పెట్టి నొక్కి వదిలాను. గుంట పడింది. చూస్తూ ఉన్నాను. లేవలేదు.

"మంచిగ ఎక్కుతయ్" అంది అవ్వ మళ్ళీ.

"లేదమ్మా," అన్నాను. "ఎక్కవు."

అన్ని రోజుల్లో ఆమెకు నేను ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆమె ముఖంలో నవ్వు పోయి, ఏదో తప్పు చేసిన చిన్నపిల్లలా నా వంక చూసింది. దానికి ఆగే టైం లేదు. "యాదమ్మా, ఆటో పిలువు" అని అరిచాను. యాదమ్మ మౌనిక చేయి చూసి, కొంగులోంచి తన రెండు చేతులూ బయటికి తీసి, ఆ పిల్లను పట్టుకుని మెట్లు దింపింది. పురానాపూల్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయింది. ఆటో అన్న దిగి ముందు బండ్లవాళ్ళను బతిమాలుతున్నాడు. నేను ఆ చేయి వదలకుండా పట్టుకుని, ఆ గుంట చోటునే చూస్తూ కూచున్నాను.

బీపీ చూసిన నర్సు రెండోసారి చూసి, మాతో మాట్లాడకుండా లోపలికి పరుగెత్తింది. ఆ సాయంత్రమే బిడ్డను తీశారు. కేజీన్నర లేదు. నెలన్నర అద్దాల పెట్టెలో ఉంది. బతికింది, ఆడపిల్ల.

అవ్వకు ఆ పిల్లను చాలాసార్లు చూపించారు. మంచిగున్నది బిడ్డా అనేది.

అవ్వ పదకొండో దినం నాడు వాళ్ళింటికి పోయాను. కర్మ అయిపోయి ఇల్లు కడుగుతున్నారు. పిల్ల నడిగదిలో తప్పటడుగులు వేస్తోంది. చెవులకు పోగులున్నాయి, కాళ్ళకు పట్టీలున్నాయి, చేతులకు ఏమీ లేదు. నేను చూడటం మౌనిక చూసింది.

"ధైర్యం సాల్లేదక్కా. అవ్వకు గుర్తొస్తదేమో, ఆమెతోనే తొడిగిద్దామని ఆగిన. నువ్వు తొడుగు."

లోపలి నుంచి అత్తగారే చిన్న గాజుల డబ్బా తెచ్చి నా పక్కన పెట్టింది. పోకుండా అక్కడే నిలబడింది. నేను పిల్లను ఒళ్ళో కూచోబెట్టుకుని ఆ గుప్పెడంత చేతిని పట్టుకున్నాను. గాజులు ముట్టుకోలేదు. వెనక వైపు బొటనవేలు పెట్టి మెల్లగా నొక్కి వదిలాను. ముగ్గురమూ వంగి చూశాం. చర్మం వెంటనే లేచింది.

నేను ఇంకోసారి నొక్కాను.